రెక్కలు రాలని రాణి

నిమ్మతోట రైతు పెట్టెను బల్ల మీద పెట్టలేదు, ఎత్తి కుదేశాడు. ఆ కుదుపుకి మూత ఊడి వచ్చింది. లోపల ఎండిన ఆకులు, ఒక చచ్చిన రాణి చీమ, దాని పక్కన రెక్కలున్న సన్నటి నల్ల చీమలు నాలుగు. అవీ చచ్చినవే.

"మీరిచ్చిన ఇరవై పెట్టెల్లో పదమూడు ఇలాగే ఉన్నాయండీ," అన్నాడు. "రెండు నెలలు ఆగు, చెట్టంతా చీమలే, ఇక మందు కొట్టే పనే ఉండదన్నారు. చెట్టంతా పురుగే ఉంది. చీమలేమో ఇవిగో."

పెద్దసారు పెట్టెలోకి తొంగి చూసి, పక్కన నిలబడ్డ అక్క వైపు తిరిగాడు. అక్కకి తొంగి చూడాల్సిన అవసరం లేదు. మూత ఊడినప్పుడే తెలిసిపోయింది.

"అన్నీ మగవే సార్," అంది.

"అంటే?"

అంటే ఏమిటో పెద్దసారుకి తెలియక కాదు. ఇబ్బందైన సంగతి ఏదైనా ఇంకొకరి నోటితో చెప్పించడం ఆయన పద్ధతి.

"ఆ రాణి జతకట్టలేదండీ. జతకట్టకపోయినా గుడ్లు పెడుతుంది. కానీ వాటిలోంచి మగవే వస్తాయి. మగచీమలు గూడు కట్టవు, పురుగుని పట్టవు, తిండి తేవు."

"మగాళ్ళతో సంసారం సాగదని మా ఆవిడ రోజూ అనే మాటే," అన్నాడు రైతు. ఎవరూ నవ్వలేదు. అతనూ నవ్వలేదు. "మరి ఆ సంగతి మీరు ముందే చూసుకోవాలి కదమ్మా. జతకట్టిందో లేదో చూసి ఇవ్వడమే కదా మీ పని."

అదే ఆమె పని. పదకొండేళ్ళుగా అదే పని. ఆకులు కుట్టి గూళ్ళు కట్టుకునే చీమల్ని పెంచి తోటలకు పంపే ఆ ఆఫీసులో, కిటికీ అద్దాలకు ఎర్రకాగితం అంటించిన గది ఒకటుంది. ఎర్ర వెలుగు చీమల కంటికి చీకటితో సమానం. గోడ పొడుగునా అరలు, అరల నిండా వేలెడంత గాజు గొట్టాలు. ఒక్కో గొట్టంలో అడుగున కాసిని నీళ్ళు, నీళ్ళకు అడ్డంగా దూది, దూదికి ఇవతల ఒక రాణి. దాన్ని రాణుల గది అంటారు. ఆ గది చూసుకునే మనిషిని, వయసులో ఆమెకంటే పెద్దవాళ్ళతో సహా, అందరూ అక్క అంటారు.

గది తలుపుకి లోపలివైపు ఒక అట్ట వేలాడుతూ ఉంటుంది. రెక్కలు రాల్చుకున్నది జతకట్టినది, రెక్కలు ఉన్నది జతకట్టనిది అని దాని మీద రాసి ఉంటుంది. రాణి జన్మలో ఒక్కసారే ఎగురుతుంది, ఆ ఎగరడంలోనే జతకడుతుంది, నేలకు దిగాక ఇక ఎగిరే పని లేదని రెక్కలు రాల్చుకుంటుంది. కాబట్టి రెక్కలు లేనిదాన్ని గొట్టంలో పెట్టాలి, రెక్కలున్నదాన్ని స్పిరిట్ సీసాలో వేసి తేదీ రాయాలి. ఇదివరకు పిల్ల చీమలు తిరగడం మొదలయ్యేదాకా నెలరోజులు ఆగి తోటలకు పంపేవారు. అడిగే తోటలు ఎక్కువయ్యాక గుడ్లు కనబడగానే పంపేస్తున్నారు. గుడ్డును చూసి అందులో ఏముందో చెప్పడం ఎవరి తరమూ కాదు.

రైతుని కూర్చోబెట్టి, మంచినీళ్ళు ఇచ్చి, కొత్త పెట్టెలు ఇస్తామని చెప్పి పంపేశాక పెద్దసారు తలుపు దగ్గరికి వేశాడు.

"ఈ ఏడాది రాణుల్ని ఎవరెవరు తెచ్చారు?"

"ఎప్పట్లాగే సార్. తోటల్లో పట్టినవి బాబాయి తెచ్చినవి. మన వరండా లైట్ల కింద పడ్డవి నేను పొద్దున్నే ఊడ్చి ఏరినవి."

"వరండావి మన కళ్ళముందు పడ్డవి. వాటికి అనుమానం లేదు. బయటినుంచి వచ్చేవాటికే..." మిగతాది ఆమె నోట రావాలని ఆగాడు. రాలేదు. "మీ బాబాయని కాదమ్మా. ఎవరైనా అడగాల్సిన ప్రశ్న. నువ్వు రోజూ భూతద్దం పెట్టి చూస్తావు కదా, ఏమీ గమనించలేదా?"

అక్క నీళ్ళు నమిలింది.

గమనించింది. పదిరోజులవుతోంది. రాణి తనంతట తాను రాల్చుకుంటే రెక్క మొదట్లో గీత గీసి తెంపినట్టు సాఫీగా విరుగుతుంది. ఈ వానల్లో బాబాయి తెచ్చినవాటిలో చాలావాటికి ఆ అంచులు చింపిన కాగితంలా ఎగుడుదిగుడుగా ఉన్నాయి. కొన్నిటికి చిన్న ముక్క మిగిలిపోయి కూడా ఉంది. చూసింది, భూతద్దం కింద పెట్టింది, గొట్టాల్ని అరలో సర్దింది. ఒక్క మాట బయట పెట్టలేదు.

"చూసి చెప్తాను సార్," అంది.

*

బాబాయి ఆమె తండ్రికి తమ్ముడు. పిన్ని పోయినప్పటినుంచి వీళ్ళింట్లోనే ముందు గదిలో ఉంటున్నాడు. ఆ గదికి అసలు యజమాని కుట్టుమిషను. దాని మీద అక్క భర్త పగలంతా స్కూలు యూనిఫారాలు కుడుతూ ఉంటాడు. మిగిలిన చోటులో బాబాయి మంచం, మంచం పైన గోడకి కొట్టిన చెక్క మీద అతని టిన్నులు ఏడు. మూతలకు మేకుతో చిల్లులు కొట్టి ఉంటాయి. వాన వెలిసిన తెల్లవారుజామున ఆ టిన్నుల్ని సంచిలో వేసుకుని, ఎవరూ లేవకముందే తోటల వైపు వెళ్ళిపోతాడు. తొమ్మిదింటికల్లా ఆఫీసు గేటు దగ్గర ఉంటాడు.

సాయంత్రం ఆమె ఇంటికి వచ్చేసరికి బాబాయి స్నానానికి వెళ్ళాడు. భర్త బట్ట కత్తిరిస్తున్నాడు. అక్క చెప్పులు కూడా విడవకుండా మంచం ఎక్కి నిలబడింది.

"ఏం వెతుకుతున్నావ్?" అన్నాడు భర్త తలెత్తకుండా.

"ఏం లేదు."

"ఏం లేనిదాని కోసం మంచం ఎక్కడం ఇదే చూడటం."

ఐదో టిన్నులో దొరికింది. మడిచిన కాగితం. విప్పితే రెక్కలు, పొడుగైన, లేత గోధుమరంగు రెక్కలు, గుప్పెడు. కాగితం అడుగున ఇత్తడి పటకారు. చిటికెన వేలంత ఉంటుంది. ఆఫీసులో కొత్తవి ఇచ్చినప్పుడు ఈ పాతదాన్ని తనే తెచ్చి, కాలికి ముల్లు గుచ్చుకుంటే పనికొస్తుందని అతని చేతిలో పెట్టింది.

స్నానాల గదిలో నీళ్ళ చప్పుడు ఆగింది. అక్క కాగితాన్ని ఉన్న మడతల్లోనే మడిచి, టిన్ను మూత పెట్టి, మంచం దిగింది. దుప్పటి మీద తన చెప్పుల గుర్తులు కనబడితే చేత్తో దులిపింది. అరవైఆరేళ్ళ మనిషి, చీమ కాలు విరిగితేనే అయ్యో అని రెండుసార్లు అనుకునే మనిషి, కూర్చుని ఒక్కొక్క రాణి రెక్కలూ పీకుతున్నాడు. తనని మోసం చేయడానికే పీకుతున్నాడు. ఆమెకి ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది.

భోజనాల దగ్గర మాట కదిపింది.

"ఈ ఏడాది రెక్కలున్నవి అసలు తేవడంలేదేం బాబాయ్? దొరకట్లేదా?"

"ఎందుకు దొరకవు? దొరుకుతాయి." గ్లాసులో నీళ్ళు తాగి కింద పెట్టాడు. "నీకు తేను."

"ఎందుకని?"

"తెస్తే ఏం చేస్తావో తెలుసుగా."

తీసుకోవు కాబట్టి తేను అంటున్నాడు, అంతే కదా, అనుకుంది. తీసుకోదు కాబట్టి రెక్కలు పీకి తెస్తున్నాడు. ఇంత తేలిగ్గా, అన్నం తింటూ ఒప్పుకున్నాడు. ఆమె ఇంకేమీ అడగలేదు. అడగడానికి ఇంకేం మిగిలింది? బాబాయి ఆమె కంచం వైపు చూసి, "ఏమ్మా, సరిగా తినట్లేదు?" అన్నాడు.

*

మర్నాడు పెద్దసారు చెప్పాడు, ఆమె రాసింది. తోటలనుంచి రాణి చీమలను తెచ్చే వ్యక్తి వాటి రెక్కలు పీకి, జతకట్టినవిగా నమ్మించి ఇస్తున్నట్టు నా దృష్టికి వచ్చినది. కింద సంతకం. ఆమె దస్తూరి గుండ్రంగా, అందంగా ఉంటుందని ఆఫీసులో పేరు. ఆ రోజు కూడా అందంగానే వచ్చింది.

"అతని పేరు నేను రాయించలేదు చూశావా," అన్నాడు పెద్దసారు, పెద్ద ఉపకారం చేసినవాడిలా. "రేపటినుంచి రావద్దని నువ్వే ఇంట్లో చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"నేను చెప్తాను సార్."

చెప్పలేదు. ఆ సాయంత్రం మూడుసార్లు ముందు గది గుమ్మం దాకా వెళ్ళింది. ఒకసారి సూదిలో దారం ఎక్కించి ఇమ్మని భర్త పిలిచాడు. ఒకసారి బాబాయి కళ్ళు మూసుకుని ఉన్నాడు. మూడోసారి ఏ అడ్డూ లేదు. బాబాయి తలెత్తి చూశాడు కూడా. "రేపు వాన పడేలా ఉంది కదా," అని వచ్చేసింది.

వాన పడింది. పొద్దున ఆమె రాణుల గదిలో గొట్టాలకు దూది మారుస్తుండగా గేటు దగ్గర గొంతులు వినబడ్డాయి. ఎర్రకాగితం ఒక మూల చిరిగి ఉంటుంది. ఆ చిరుగులోంచి చూసింది.

"లోపలికి వదలొద్దన్నారు తాతా. నాదేముంది, చెప్పింది చెయ్యడమే," అంటున్నాడు కాపలావాడు.

"అక్కకి ఇచ్చేసి పోతానయ్యా. గంట దాటితే వీటికి ఎండ తగుల్తుంది."

"టిన్నులు కూడా చూడమన్నారు. తెరువు."

"ఇక్కడా? నేల మీదా?"

కాపలావాడు చెడ్డవాడేం కాదు. రోజూ బాబాయితో కలిసి టీ తాగేవాడే. కానీ చూడమని చెప్పారు, ఎలా చూడాలో చెప్పలేదు. ఒక టిన్ను లాక్కుని మూత తీసి, లెక్క తేలుతుందనుకున్నాడో ఏమో, తడినేల మీద బోర్లించాడు. రాణులు నాలుగు వైపులా చెదిరాయి. ఆఫీసులోకి వస్తున్న ఇద్దరు గుమాస్తాలు చూసుకోకుండా వాటి మీదుగానే నడిచి వెళ్ళారు. బాబాయి నేల మీద కూలబడి, ఒక ఆకు తీసుకుని, ఒక్కొక్కదాన్నీ ఆకు మీదికి ఎక్కించి టిన్నులోకి దింపుతున్నాడు. కాపలావాడు సిగ్గుపడి తనూ వంగబోతే, "వద్దయ్యా, నీ వేళ్ళు లావు," అన్నాడు.

అక్కకీ గేటుకీ మధ్య పాతిక అడుగుల దూరం. తలుపు తీసుకుని వెళ్ళి, నేనే రాశాను బాబాయ్ అని చెప్పెయ్యొచ్చు. తేలు కుట్టిన దొంగలా ఎర్రకాగితం వెనకే ఉండిపోయింది. బాబాయి ఒక్కసారి కూడా కిటికీ వైపు చూడలేదు. అక్కడ ఆమె ఉంటుందని అతనికి తెలుసు. ఏ వేళకి ఏ పని చేస్తుందో కూడా తెలుసు.

అప్పుడే కొత్త మేడమ్ స్కూటర్ గేటు దగ్గర ఆగింది. పురుగుల శాస్త్రం చదివి ఈ ఆఫీసుకి వచ్చి నెల కూడా కాలేదు ఆమె. ముప్పై ఏళ్ళు ఉంటాయేమో. హెల్మెట్ తీయకుండానే ఏదో అడిగింది, బాబాయి ఏదో చెప్పాడు. మేడమ్ చెయ్యి చాపింది. బాబాయి కాస్త ఆలోచించి, మూత సరిగా పడిందో లేదో చూసి, ఆ టిన్ను ఆమె చేతిలో పెట్టాడు. మిగతా ఆరూ సంచిలో వేసుకుని, మోకాళ్ళకి అంటిన బురద కూడా తుడుచుకోకుండా వెళ్ళిపోయాడు.

*

"రెక్కలు పీకాడనేది సరే," అంది మేడమ్, అక్క రాసిన కాగితం నకలు చదివి. "జతకట్టాయో లేదో ఎవరు చూశారు?"

"రెక్కలుంటే కట్టనట్టే కదండీ. అందుకే కదా పీకింది."

"అది అట్ట మీద రాసింది అక్కా. చీమ లోపల ఎవరు చూశారు?"

ఎవరూ చూడలేదు. చూడాలంటే చంపాలి. చంపితే ఇక తెలిసి ఏం లాభం అని పెద్దసారు అంటాడు. నిజానికి ఆ గదిలో అట్టకి తప్ప ఇంకెవరికీ ఏదీ తెలియాల్సిన అవసరం ఇన్నేళ్ళూ రాలేదు.

మేడమ్ మైక్రోస్కోపు ముందు కూర్చుంది. మైనం పోసిన చిన్న గిన్నెలో ఉప్పునీటి చుక్క వేసి, మంచుగడ్డ మీద పెట్టి మత్తెక్కించిన రాణిని అందులో పడుకోబెట్టింది. ఒక పటకారుతో నడుము దగ్గర పట్టుకుని, రెండోదానితో పొట్ట చివరి ముక్కని మెల్లగా లాగింది. మిషను మీద కుట్టు విప్పేటప్పుడు భర్త లాగినట్టే, తెగకుండా, వస్తోందో లేదో చూసుకుంటూ. లోపలి భాగమంతా ఒక తడి దారంలా బయటికొచ్చింది.

"ఇప్పుడు చూడండి. మధ్యలో గుండ్రంగా చిన్న సంచి ఉందా? జతకట్టినప్పుడు మగచీమ ఇచ్చింది రాణి అందులోనే దాచుకుంటుంది. జీవితాంతం గుడ్లకి వాడుకునేది దాన్నే. సంచి నిండుగా ఉంటే తెల్లగా కనిపిస్తుంది. ఖాళీగా ఉంటే గాజుపూసలా అవతలిది కనబడుతుంది."

అక్క కన్ను ఆనించింది. ముందు ఏమీ కనబడలేదు, తన కనురెప్పే అడ్డమొచ్చింది. తర్వాత కనబడింది. ఆవగింజలో పదో వంతు ఉంటుందేమో. తెల్లగా, నిండుగా.

"నిండుగా ఉందండీ," అంది.

బాబాయి టిన్నులో ప్రాణంతో మిగిలినవి పది. పదింటికీ రెక్కల మొదళ్ళు చింపినట్టే ఉన్నాయి. రెండోది తెల్లన. మూడోది తెల్లన. ఏడోది గాజుపూస. పదోది అయ్యేసరికి మేడమ్ కాగితం మీద తొమ్మిది గీతలు ఒక వైపు, ఒక గీత ఒక వైపు ఉన్నాయి.

"మీ బాబాయి జతకట్టినవాటి రెక్కలే పీకాడు అక్కా," అంది మేడమ్. "జతకట్టినా కొన్నిటికి వెంటనే రెక్కలు రాలవు. ఒక రోజు పట్టొచ్చు, నాలుగు రోజులు పట్టొచ్చు. అసలు రాల్చుకోనివి కూడా ఉంటాయి." తర్వాత కిటికీ దగ్గర మూతపెట్టి ఉన్న పళ్ళెం చూపించింది. "అవెక్కడివి?"

"పొద్దున వరండాలో నేను ఏరినవండీ. వాటంతటవే రాల్చుకున్నాయి. అంచులు చూడండి, ఎంత సాఫీగా ఉన్నాయో."

అవి కూడా పది కోశారు. రెండు తెల్లన. ఎనిమిది గాజుపూసలు.

మేడమ్ కుర్చీలో వెనక్కి వాలింది. "లైటుకి వచ్చినవి. జతకట్టకముందే దారి తప్పి వచ్చి, దానికేసి కొట్టుకుని, తడిలో పడి... భయపడ్డా రెక్కలు రాలుస్తాయి. ఒకదానికొకటి రాసుకున్నా రాలుస్తాయి. చీపురు తగిలినా రాలుస్తాయి."

చీపురు అక్కదే. నిమ్మతోట పెట్టెలో చచ్చిన నాలుగు మగచీమలు కళ్ళముందు మెదిలాయి. ఆ పదమూడు పెట్టెల్లో రాణులు ఎవరు ఏరినవో అరల్లో కలిసిపోయాయి కాబట్టి ఇప్పుడెవరూ చెప్పలేరు. కానీ ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు.

బాబాయి మాట అప్పుడు గుర్తొచ్చింది. నీకు తేను. తెస్తే ఏం చేస్తావో తెలుసుగా.

అక్క లేచి, అడుగు అరలోంచి ఒక సీసా తెచ్చి బల్ల మీద పెట్టింది. స్పిరిట్ లేత పసుపుగా మారి ఉంది. అడుగున రాణులు, అన్నీ రెక్కలతో, ఒకదాని మీద ఒకటి. సీసా మీద గుండ్రటి అక్షరాలు, తేదీ, కింద "జతకట్టనివి" అన్న మాట.

"ఇవి కూడా చూస్తారా?"

"స్పిరిట్లో ఉన్నవి అంత తేలిగ్గా తెలియవు. సంచిని చిదిమి అద్దం మీద చూడాలి," అంది మేడమ్. తర్వాత అక్క ముఖం చూసి ఇంకేం మాట్లాడకుండా మొదటిదాన్ని తీసింది.

మొదటిది నిండుగా ఉంది. రెండోది ఖాళీ. మూడూ నాలుగూ నిండు. ఎనిమిది అయ్యేసరికి నిండువి ఐదు. మేడమ్ పటకారు కింద పెట్టేసింది.

"చాలు అక్కా. తెలిసిపోయింది."

"ఇంకొక్కటి," అంది అక్క.

అదీ నిండుగానే ఉంది. అక్క సీసాకి మూత పెట్టింది. మూత సరిగా పట్టలేదు. మళ్ళీ తీసి పెట్టింది. అడుగు అరలో అలాంటి సీసాలు ఇంకా ఉన్నాయి, ఏడాదికొకటి, వరసగా. వాటి వైపు చూడకుండా ఉండడానికి కిటికీ వైపు తిరిగింది. అక్కడ చిరిగిన కాగితం మూల, దానిలోంచి గేటు.

పెద్దసారు మేడమ్ గీతల కాగితాన్ని శ్రద్ధగా చదివాడు, శ్రద్ధగా పక్కన పెట్టాడు. "మంచి పని చేశారు మేడమ్. అట్ట మీద మార్చాలంటే పైనుంచి ఆర్డరు రావాలి. రాద్దాం, అడుగుదాం." మేడమ్ వెళ్ళాక అక్కతో గొంతు తగ్గించాడు. "నీ కాగితం నిన్ననే పైకి పోయింది. అందులో అబద్ధం ఏముంది? పీకాడు, పీకాడని రాశావు. ఇప్పుడు వరండావే చెడ్డవని రాస్తే ఎవరి మీదకి వస్తుందో చూసుకో. ఏరింది నువ్వు. సీసాలో వేసింది నువ్వు."

"నా మీదకే వస్తుంది సార్."

"మరి?"

అక్క అక్కడే, ఆయన బల్ల మీదే, ఆయన పెన్నుతోనే రాసింది. ఈసారి ఎవరూ చెప్పలేదు కాబట్టి వాక్యాలు సరిగా రాలేదు. దస్తూరి కూడా బాగా రాలేదు. పెద్దసారు దాన్ని చదవలేదు. పేపర్‌వెయిట్ కింద పెట్టి, "చూద్దాం," అన్నాడు. ఆ పేపర్‌వెయిట్ కింద చాలా కాగితాలు ఉన్నాయి.

*

ఇంటికి వచ్చేసరికి మంచం పైన చెక్క ఖాళీగా ఉంది. ఏడో టిన్ను మేడమ్ దగ్గరే ఉండిపోయింది. మిగతా ఆరింటినీ కడిగి, తుడిచి, ఒకదాని మీద ఒకటి పేర్చి వంటింటి గుమ్మం పక్కన పెట్టి ఉంచాడు. భర్త వాటివైపు చూసి, కుట్టుమిషను ఆపాడు.

"గుండీలు వేసుకోవడానికి పనికొస్తాయి, ఉంచుకో అన్నాడు నాతో. ఏం జరిగింది?"

అక్క జవాబు చెప్పకుండా వెళ్ళి బాబాయి మంచం పట్టె మీద కూర్చుంది.

"కాగితం రాసింది నేనే బాబాయ్."

"తెలుసమ్మా. గేటు దగ్గర కాపలావాడు చెప్పాడు."

"నాకెందుకు చెప్పలేదు నువ్వు? అవి జతకట్టినవే, రెక్కలు అందుకే పీకుతున్నానని ఒక్కమాట చెప్పుంటే..."

బాబాయి కొంచెంసేపు చేతి గోళ్ళు చూసుకున్నాడు. గోళ్ళ సందుల్లో పొద్దుటి బురద ఇంకా ఉంది.

"చెప్పాను కదమ్మా. రెండుసార్లు చెప్పాను. మొదటిసారి నవ్వావు. రెండోసారి చేయి పట్టుకుని తీసుకెళ్ళి తలుపు వెనక అట్ట చూపించావు."

అక్కకి గుర్తు లేదు. ఎంత వెతుక్కున్నా గుర్తు రాలేదు. అబద్ధం చెప్పే మనిషి కాదు. జరిగే ఉంటుంది. ఏ దూది మారుస్తూనో, ఏ లెక్క రాస్తూనో నవ్వేసి ఉంటుంది. అప్పుడు ఏడుపొచ్చింది ఆమెకి. భర్త లేచి వంటింట్లోకి వెళ్ళి, అక్కడ ఏ పనీ లేకపోయినా గిన్నెలు సర్దడం మొదలుపెట్టాడు. బాబాయి ఊరుకోమని అనలేదు.

తెల్లవారుతుండగా వాన పడి వెలిసింది. అక్క లేచి వచ్చేసరికి బాబాయి మంచం మీద కూర్చునే ఉన్నాడు, కాళ్ళు కిందికి వేలాడేసుకుని.

"వాన పడింది బాబాయ్."

"వినబడింది."

అంతే. లేవలేదు. అక్క గుమ్మం దగ్గరి టిన్ను ఒకటి తీసుకుని తనే బయల్దేరింది. ఎక్కడ వెతకాలో తెలియదు. పదకొండేళ్ళూ అవి ఆమె దగ్గరికే వచ్చాయి. ఆఫీసు లైట్ల వైపు వెళ్ళలేదు. వీధి చివర చెట్లున్న గోడ పొడుగునా రెండుసార్లు నడిచింది, చెమ్మగా ఉన్న ఇటుకల సందులు చూసింది, ఒక చోట వంగి చూస్తే తల మీద నీళ్ళు రాలాయి. చివరికి గోడ మొదట్లో ఒక్కటి కనిపించింది. రెక్కలు నాలుగూ ఉన్నాయి. పటకారు తేలేదు కాబట్టి ఆకుతో ఎత్తింది. ఆకు మీదికి ఎక్కించడానికే పది నిమిషాలు పట్టింది.

ఇంటికొచ్చి, భర్త కత్తిరించడానికి పరిచిన తెల్లబట్ట మీద దాన్ని దింపింది.

"నా బట్ట!" అన్నాడు భర్త.

"ఒక్క నిమిషం," అంది. "బాబాయ్, చూడు."

"నువ్వే చూడు. పదకొండేళ్ళు చూశావు."

"నాకు తెలీదు బాబాయ్." ఇది చెప్పడం అనుకున్నంత కష్టంగా లేదు. "రెక్కలున్నాయి. అది తప్ప నాకేం తెలీదు."

బాబాయి లేచి వచ్చాడు. బట్ట మీద వంగి, చాలాసేపు ఊరికే చూశాడు. రాణి నడుస్తోంది. అతను దాని దారికి అడ్డంగా వేలు పెట్టాడు. అది వేలు ఎక్కలేదు. చుట్టూ తిరిగి, బట్ట మడత కనబడగానే దాని కిందికి దూరింది. వేలితో మడత విప్పాడు. అది ఇంకో మడత వెతుక్కుంది.

"జతకట్టనిది ఎత్తు వెతుకుతుంది," అన్నాడు. "వేలు పెడితే ఎక్కేస్తుంది, కొసకి పోయి రెక్కలు ఆడిస్తుంది. ఇది చూడు, ఎక్కడం లేదు. ఇల్లు వెతుక్కుంటోంది. అయిపోయింది దీనికి ఎగరడం."

"ఖాయంగా చెప్పొచ్చా?"

"పదికి తొమ్మిది. ఒకటి నన్నూ మోసం చేస్తుంది."

మేడమ్ గీతల కాగితం సంగతి ఆమె ఇంకా అతనికి చెప్పలేదు. అక్క సంచిలోంచి గాజు గొట్టం తీసి, నీళ్ళు, దూది సర్ది, రాణిని లోపలికి పంపింది. చీటీ మీద రాసి, పైకి చదివింది. "రెక్కలు ఉన్నాయి. జతకట్టింది. పట్టింది నేను. చూసి చెప్పింది మా బాబాయి."

"నా సంగతి ఎందుకు రాశావు? తప్పయితే నీ మీదకొస్తుంది."

"రానీ."

బాబాయి చీటీ వైపు చూశాడు. దిండు కింద చెయ్యి పెట్టి, ఇత్తడి పటకారు తీశాడు. గొట్టం ఇలా ఇవ్వమన్నట్టు రెండో చెయ్యి చాపాడు.

"వద్దు బాబాయ్. రెక్కలు ఉండనీ. నెలరోజులు అలాగే ఉంచుతాను. పిల్లలు వచ్చేదాకా."

"అట్ట తీసేశారా?"

"లేదు. ఇంకా ఉంది."

"మరి రెక్కలతో ఆ గదిలోకి పోతే ఇది బతుకుతుందా?"

"ఆ గదిలో ఉండేది నేనే కదా బాబాయ్."

"అప్పుడూ నువ్వే ఉన్నావమ్మా," అన్నాడు.

కోపంగా అనలేదు. అనేసి, పటకారుని దుప్పటి మీద పెట్టి, గొట్టం అందుకున్నాడు. మూతిలో దూది కాస్త వదులుగా ఉంది. బొటనవేలితో నొక్కి బిగించి, గాలి ఆడుతోందో లేదో వెలుగులో పెట్టి చూసి, తిరిగి ఆమె చేతికిచ్చాడు. అక్క దాన్ని సంచిలో నిటారుగా పెట్టుకుని, వాన నీళ్ళు తప్పించుకుంటూ ఆఫీసుకి నడిచింది.